లాయర్ నోటీసు నుంచి ఉచిత సాఫ్ట్‌వేర్ దాకా: తిరుపతిలో మా ప్రెస్సు, నా అనుభవం

2025 జూన్ 9, సోమవారం. పెళ్లికార్డుల ఆర్డర్లు ఏవైనా వచ్చాయేమోనని ప్రెస్సు మెయిల్ తెరిచాను. బెంగళూరులోని ఒక లాయర్ల ఆఫీసు నుంచి నాలుగు పేజీల పీడీఎఫ్ వచ్చి ఉంది. మా దగ్గర నాలుగు కంప్యూటర్లలో తమ క్లయింటు డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు లేకుండా నడుస్తోందని, 15 రోజుల్లో జవాబు చెప్పాలని రాశారు. కింద పట్టికలో ఏ కంప్యూటర్‌లో ఏ తేదీన వాడామో, ఆ కంప్యూటర్ల పేర్లేంటో కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి ‘అక్క-పీసీ’. అది నా కంప్యూటర్‌కి మా తమ్ముడు పెట్టిన పేరు. ఆ పేరు చూడగానే నా చేతులు చల్లబడ్డాయి.

నాయనకి చూపిస్తే, "ఇదంతా మోసం మెయిల్ అయ్యుంటాదిలేమ్మా, పక్కన పెట్టు" అన్నారు. పక్కన పెట్టాలనే నాకూ ఉంది. కానీ మన గదిలో ఉన్న కంప్యూటర్ పేరు బయటివాళ్లకి తెలిసిందంటే అది ఉత్తుత్తి మెయిల్ కాదు. క్రాక్ చేసిన, అంటే లైసెన్సు తాళం విరగ్గొట్టిన కాపీ కూడా ఇంటర్నెట్ ఉన్నప్పుడు తెరిస్తే తన కంపెనీకి సమాచారం పంపగలదని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి ఫోన్‌లో కాపీరైట్ చట్టం, 1957 తెరిచి 63బి సెక్షన్ చదివాను. తెలిసి తెలిసి దొంగ కాపీ వాడితే ఏడు రోజులకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం వాడనివాళ్లకి కోర్టు జైలు శిక్ష తప్పించవచ్చని ఉంది. మాది వ్యాపారమే. ఆ వాక్యం మూడుసార్లు చదివాను, మాకు వర్తించే దారి దొరకలేదు. పక్క గదిలో నాయన దగ్గు వినిపిస్తూనే ఉంది, ఆయనా నిద్రపోలేదు.

తమ్ముడు అర్ధరాత్రే అన్ని కంప్యూటర్లూ ఫార్మాట్ చేసేస్తానన్నాడు. "పొద్దున్నే లైనక్స్ వేసేస్తే మన దగ్గర ఏముంటాదక్కా వాళ్లు పట్టుకోడానికి?" అన్నాడు. లైనక్స్ అంటే విండోస్ బదులు వేసుకోడానికి ఉచితంగా దొరికేది. పొద్దున దాకా ఆగమని బతిమాలాను. ఆగడమే మంచిదైంది.

మర్నాడు మా పొలం కేసు చూసే లాయర్‌గారి దగ్గరికి వెళ్లాం. ఇది తన పని కాదని ఆయన ముందే చెప్పి, రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్పారు. ఒక్క ఫైలు కూడా చెరపొద్దు, నోటీసు వచ్చాక చెరిపితే సాక్ష్యం మాయం చేశారంటారు. నేనూ నాయనా సొంతంగా జవాబు రాయొద్దు. చెన్నైలో కాపీరైట్ కేసులు చూసే ఒక మేడమ్ నంబర్ ఇచ్చారు. జూన్ 13న తెల్లవారుజాము బస్సులో చెన్నై వెళ్లాం. నలభై నిమిషాలకు ఫీజు 5,000.

ఆవిడ చెప్పిన ఒక్క మాట ఈ అయిదు నెలలూ నా చెవిలోనే ఉంది. "రేపటి నుంచి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతామంటే మంచిదే. కానీ నిన్నటిదాకా వాడినదాని లెక్క దాంతో తీరదు. అవి రెండూ వేరు వేరు పనులు." మేం ఆ రెండింటినీ ఒకటే అనుకుని బస్సెక్కాం. ఇది చదివే షాపువాళ్లలో కూడా చాలామంది అలాగే అనుకుంటూ ఉంటారని నా నమ్మకం.

జూన్ 14, 15 తేదీల్లో ప్రెస్సు షట్టర్ సగం దించి లెక్క తీశాం. మొత్తం ఏడు కంప్యూటర్లు. వాటిలో మూడు కంపెనీ సిస్టమ్‌లు, విండోస్ వాటితోనే వచ్చింది. మిగతా నాలుగూ ఊళ్లోనే అసెంబుల్ చేయించినవి. బిల్లులు వెతికితే ‘అసెంబుల్డ్ పీసీ – 1’ అని మాత్రమే ఉంది, విండోస్ మాటే లేదు. డీలర్‌కి ఫోన్ చేస్తే "అందరికీ అట్లే వేసిస్తామమ్మా, ఇన్నేళ్లలో ఎవురూ అడగలా" అన్నాడు. ఏడింటిలోనూ ఆఫీస్ ప్యాకేజీకి లైసెన్సు లేదు. నోటీసులో చెప్పిన డిజైన్ సాఫ్ట్‌వేర్ నిజంగానే నాలుగింటిలో ఉంది. ఫైళ్లు విప్పే చిన్న సాఫ్ట్‌వేర్ కూడా నలభై రోజుల ట్రయల్‌ది, మేం ఎనిమిదేళ్లుగా వాడుతున్నాం. ఫాంట్ల ఫోల్డర్‌లో 1,900 పైగా ఫైళ్లున్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తమ్ముడికీ తెలియదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇస్తే వేసుకున్నవి.

ఆ కాగితం చూసి నాయన, "ముప్పై ఏళ్లలో ఒకరి పైసా ఎగ్గొట్టలేదే నేను" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు నాకు ఇంకా గుర్తుంది. కాగితం కొట్టుకీ, ఇంకు కంపెనీకీ ఒక్కరోజు ఆలస్యం కాకుండా డబ్బు కట్టే మనిషి. సాఫ్ట్‌వేర్ కూడా ఒకరి కష్టమేనని మాలో ఎవరికీ తట్టలేదు. కంప్యూటర్‌తో పాటు వచ్చే వస్తువనే అనుకున్నాం.

జూన్ 21న చెన్నై మేడమ్ జవాబు పంపారు. అటువైపు నుంచి మొదట అడిగింది నాలుగు కంప్యూటర్లకు రెండేళ్ల లెక్కన 5 లక్షల 20 వేలు, జీఎస్టీ అదనం. తర్వాత పన్నెండు రోజులు ఏ కబురూ లేదు. డబ్బు పోవడం కన్నా ఆ పన్నెండు రోజులే ఎక్కువ నలిపాయి. గేటు దగ్గర బండి ఆగితే చాలు, అందరం తల తిప్పి చూసేవాళ్లం. అమ్మ రెండుసార్లు తిరుచానూరు వెళ్లి అమ్మవారికి చెప్పుకుని వచ్చింది.

జూలై 18న కుదిరింది. రెండు కంప్యూటర్లకు ఏడాది లైసెన్సు, పాతదానికి కలిపి మొత్తం లక్షా 50 వేలు, 18 శాతం జీఎస్టీ 27 వేలు. ఇక్కడ మేడమ్ రెండు మంచి పనులు చేశారు. పరిహారం అని కాకుండా లైసెన్సు కొనుగోలుగా, మా జీఎస్టీ నంబర్‌తో ఇన్‌వాయిస్ ఇప్పించారు. దాంతో ఆ 27 వేలు ఇన్‌పుట్ క్రెడిట్ కింద మాకు తిరిగొచ్చాయి. ఒప్పందంలో ‘ఎప్పుడైనా వచ్చి తనిఖీ చేసుకోవచ్చు’ అన్న వాక్యాన్ని ‘15 రోజుల ముందు రాతపూర్వకంగా తెలిపి’ అని మార్పించారు. నేనైతే ఆ వాక్యం చూడకుండానే సంతకం పెట్టి ఉండేదాన్ని. ఆవిడ ఫీజు మొత్తం 30 వేలయింది.

ఆ తర్వాతే మార్పిడి మొదలుపెట్టాం. మా పిన్ని కొడుకు ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేశాడు. వరుసగా మూడు ఆదివారాలు వచ్చి నాలుగు అసెంబుల్డ్ సిస్టమ్‌లకీ లైనక్స్ మింట్ వేశాడు. పాత హార్డ్ డిస్కులు తీసి ఎస్‌ఎస్‌డీలు పెట్టడానికి 7,600 అయింది. వాడు డబ్బు వద్దంటే నాయన బలవంతంగా పది వేలు జేబులో పెట్టారు. మిగతా మూడింటినీ విండోస్ 11కి మార్చాం, ఎలాగూ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ముగిసేదే. ఏడింటిలోనూ ఆఫీస్ ప్యాకేజీ బదులు ఉచితమైన లిబ్రె ఆఫీస్ వేశాం. డిజైన్‌కి ఇంక్‌స్కేప్, గింప్. పేజీలు పెట్టడానికి స్క్రైబస్.

చిన్నాయనకి మాత్రం నమ్మకం కుదరలేదు. "ఫ్రీ అని ఇచ్చి, రేపు వాళ్లూ నోటీసు పంపితే?" అన్నాడు. ఒకసారి దెబ్బ తిన్న మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. అందుకని నేను కూర్చుని, ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఉండే జీపీఎల్ అనే లైసెన్సు మూడో వెర్షన్ మొత్తం చదివాను, రెండు రాత్రులు పట్టింది. ప్రోగ్రామ్‌ని నడుపుకోవడానికి ఈ లైసెన్సును మీరు ఒప్పుకోనక్కర్లేదు అని తొమ్మిదో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. షరతులన్నీ కాపీలు ఇతరులకి పంచినప్పుడు, మార్చి ఇచ్చినప్పుడు వచ్చేవే. దాంతో తయారుచేసిన పెళ్లికార్డు మనదే. ఇది చదివి వినిపించాక చిన్నాయన కాస్త తేరుకున్నాడు.

నేను తేరుకోలేదు. ఎందుకంటే ఫ్రీ అని చెప్పేవన్నీ ఈ రకం కావని అప్పుడే తెలిసింది. పాత డీటీపీ ఫైళ్లు తెరవడానికి మా పిన్ని కొడుకు ఒక మింట్ కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) వేసి, అందులో విండోస్ వేశాడు. వర్చువల్‌బాక్స్ అసలు ప్యాకేజీ జీపీఎల్ కిందే ఉంది. కానీ వాడు దాంతోపాటు వేసిన ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లైసెన్సు వేరు, సొంత వాడకానికీ, చదువుకీ, పరీక్షించి చూడడానికీ మాత్రమే ఉచితం. వ్యాపారానికి కొనాలి. యూఎస్‌బీ పనిచేయాలని వేశానన్నాడు. ఏడో వెర్షన్ నుంచి ఆ యూఎస్‌బీ సదుపాయం అసలు ప్యాకేజీలోనే ఉందట, అంటే ఆ ప్యాక్ అవసరమే లేదు. పైగా లోపల వేసిన విండోస్‌కి లైసెన్సు ఏదీ? కంపెనీ సిస్టమ్‌తో వచ్చిన విండోస్ ఆ సిస్టమ్‌కే కట్టుబడి ఉంటుంది. ఆ రోజే రెండూ తీయించేశాను. వాడి మొహం చిన్నబోయింది, నాకు బాధేసింది. కానీ నోటీసు గొడవ తీరిన వెంటనే మళ్లీ అదే తప్పు మా ఇంట్లో జరగడం నేను తట్టుకోలేకపోయాను. పాత ఫైళ్లు ఇప్పుడు లైసెన్సు కొన్న ఆ రెండు డిజైన్ సిస్టమ్‌లలోనే తెరుస్తున్నాం.

దూరం నుంచి కంప్యూటర్ చూడడానికి వాడే ఒక రిమోట్ సాఫ్ట్‌వేర్ కూడా ఇలాంటిదే, ఇంటి వాడకానికే ఉచితం. దాని బదులు రస్ట్‌డెస్క్ పెట్టాం. ఫైళ్లు విప్పడానికి సెవెన్‌జిప్.

లెక్కల దగ్గర మా ఆడిటర్ అడ్డుపడ్డారు. తమ్ముడు లెక్కలకి వాడే ట్యాలీ తీసేసి ఉచితమైన గ్నూక్యాష్ పెడదామన్నాడు, ఏటా కట్టే డబ్బు మిగులుతుందని. నాయన, చిన్నాయన కలిసి 2018లో ప్రెస్సును ప్రైవేట్ లిమిటెడ్ చేశారు. కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో నమోదయ్యే ఆడిట్ ట్రయల్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. అది ఏడాది పొడుగునా నడిచిందో లేదో ఆడిటర్ తన రిపోర్టులో రాయాలి. "గ్నూక్యాష్ మంచిదే కావచ్చు, నేను మాత్రం దాని మీద ఈ మాట రాసి సంతకం పెట్టలేను" అన్నారాయన. ఎనిమిది ఆర్థిక సంవత్సరాల లెక్కలు దాచాలి కాబట్టి పాత డేటా తెరుచుకునేలా కూడా ఉండాలన్నారు. సొంత షాపు పేరుతో నడిపేవాళ్లకి ఈ నిబంధన లేదు, మాలాంటి కంపెనీలకి ఉంది. ట్యాలీ రెన్యువల్ చేయించి, లెక్కల కంప్యూటర్‌ని విండోస్‌లోనే ఉంచాం. డిజిటల్ సంతకం టోకెన్ కూడా అందులోనే.

అసలు కష్టం ఫాంట్లది. మేం వాడే పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి కావు, అంటే లోపల ఇంగ్లిషు అక్షరాలే ఉండి పైకి తెలుగులా కనిపించేవి. పద్నాలుగేళ్ల పెళ్లిపత్రికలు, గృహప్రవేశాలు, పుష్పవతి ఫంక్షన్ల మ్యాటరంతా ఆ పద్ధతిలోనే ఉంది. ఆ ఫాంట్లకి బిల్లు లేదు కాబట్టి తీసేయాలి. తీసేస్తే ఫైలు తెరిచినప్పుడు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. మార్చే టూల్స్ రెండు ప్రయత్నించాం, ఒత్తులు చెదిరిపోయాయి. ‘శ్రీరస్తు శుభమస్తు’లోనే తప్పులొస్తే కార్డు ఎవరు తీసుకుంటారు? చివరికి ఎక్కువగా వచ్చే అరవై మ్యాటర్లు ఎంచుకుని నేనూ, మా దగ్గర పనిచేసే అమ్మాయీ మళ్లీ టైపు చేశాం. ఇరవై రెండు రోజులు. రాత్రి కళ్లు మూసుకున్నా ‘అవివాహిత కనిష్ఠ పుత్రిక’ కనిపించేది.

కొత్త ఫాంట్లకి మాత్రం చాలా సంతోషపడ్డాను. మండలి, సూరన్న, రామభద్ర, పెద్దన, ధూర్జటి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. అచ్చు వేసి అమ్ముకోవచ్చు, పీడీఎఫ్‌లో పొదగవచ్చు, ఫాంట్‌ని ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక పెద్దాయన ధూర్జటి అక్షరాలు చూసి, "మా ఊరి కవి పేరే పెట్టినారా!" అని వాళ్ల మనవరాలి కార్డుకి అదే కావాలన్నారు. ఆ నెలల్లో మేం మనసారా నవ్విన రోజు అది.

కానీ శ్రావణంలో ఒక దెబ్బ తగిలింది. ఆగస్టు మొదటి వారంలో స్క్రైబస్‌లో చేసిన మొదటి పెళ్లికార్డును పీడీఎఫ్ చేసి అచ్చు ప్లేట్లు వేసే చోటికి పంపాం. వాళ్ల దగ్గరున్న పాత సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయాయి. మా స్క్రీన్ మీద బాగానే ఉంది కాబట్టి మేం ప్రూఫ్ అడగలేదు. నల్ల అక్షరాలు కూడా నాలుగు రంగుల్లో విడిపోయి అంచులు మసకగా పడ్డాయి. 400 కార్డులు పోయాయి, ప్లేట్లతో కలిపి 6,300 నష్టం. పెళ్లివాళ్లకి రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాం. నాయన స్వయంగా వాళ్లింటికి వెళ్లి అందించారు. అప్పటి నుంచి తెలుగు అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతలుగా మార్చి, నలుపుని ఒక్క నల్ల ప్లేటులోనే ఉంచి, కాగితం మీద ప్రూఫ్ చూశాకే పంపుతున్నాం. మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

బొమ్మల సంగతి నేను ముందు ఆలోచించనే లేదు. కార్డుల మీద వేసే వినాయకుడు, మామిడి తోరణాల అంచులు అన్నీ నెట్‌లో దించినవే. సాఫ్ట్‌వేర్ కడిగేసి బొమ్మలు ఉంచితే అర్థం లేదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఒకాయన చేత ఆరు అంచులు, రెండు వినాయకులు గీయించాం, 9,000. మేడమ్‌ని ఫోన్‌లో అడిగితే హక్కుల కాగితం రాసుకోమన్నారు. అందులో ఎంతకాలం అన్నది రాయకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుందట, ఎక్కడ అన్నది రాయకపోతే భారతదేశం వరకే. రెండూ రాసుకున్నాం. ఆయన కూడా తన పేరు కార్డు వెనక చిన్నగా వేయమని అడిగారు, వేస్తున్నాం. అడగడం ఆయన హక్కు, వేయడం మాకు గౌరవం.

సెప్టెంబర్‌లో ఒక పొడుగు పుస్తకం కొన్నాను, 80 రూపాయలు. ఒక్కో కంప్యూటర్‌కి రెండు పేజీలు. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, లైసెన్సు పేరు, ఎక్కడి నుంచి దించాం, ఏ తేదీ, ఎవరు వేశారు. కొన్నవాటికి బిల్లు నంబర్. ఫాంట్లకి విడిగా నాలుగు పేజీలు. 1,900 ఫాంట్లు పోయి 43 మిగిలాయి. కొత్తది ఏది వేయాలన్నా ముందు పుస్తకంలో రాసి, తర్వాతే వేయాలని నియమం పెట్టాను. తమ్ముడికి మొదట్లో విసుగు. ఒకరోజు పక్క ఊరి ప్రెస్సువాళ్లకి తన పెన్‌డ్రైవ్‌లో అన్నీ కాపీ చేసి ఇవ్వబోయి, "అక్కా, పంచితే షరతులున్నాయన్నావు కదా?" అని వాడే అడిగాడు. అసలు సైట్ల లింకులు పంపించమన్నాను. అదే సులువు, వాళ్లకి కొత్త వెర్షన్ కూడా దొరుకుతుంది.

ఆ పుస్తకం అవసరం అక్టోబర్‌లో వచ్చింది. మేం ఓపీ పుస్తకాలు, కేస్ షీట్లు వేసే ఒక ఆసుపత్రి ఏటా నింపించుకునే ఫారంలో ఈసారి సాఫ్ట్‌వేర్ లైసెన్సుల వివరాలు కూడా అడిగారు. అక్టోబర్ 27న పంపితే రెండో రోజే వెనక్కి వచ్చింది. ‘లిబ్రె ఆఫీస్, స్క్రైబస్, ఇంక్‌స్కేప్‌లకు కొనుగోలు బిల్లు జతచేయలేదు.’ మళ్లీ కడుపులో తిప్పింది. డబ్బు కట్టని వస్తువుకి బిల్లు ఎక్కడి నుంచి తేను? ఫోన్ చేస్తే అక్కడి ఆఫీసరు మర్యాదగానే, "ఫ్రీ అంటే లైసెన్సు లేనట్టే కదమ్మా?" అన్నారు. కాదండీ, లైసెన్సు ఉంది, ధర లేదు, అని చెప్పాను. రాసి పంపమన్నారు. లిబ్రె ఆఫీస్‌కి మొజిల్లా పబ్లిక్ లైసెన్సు 2.0, మిగతావాటికి జీపీఎల్, ఫాంట్లకి ఓపెన్ ఫాంట్ లైసెన్సు. మూడింటి పూర్తి పాఠం అచ్చువేసి, వ్యాపారానికి వాడుకోవచ్చని చెప్పే వాక్యాల కింద గీతలు గీసి, నా పుస్తకం పేజీల జిరాక్సులు, ట్యాలీ బిల్లు, డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌వాయిస్ జతచేసి, 31న నేనే వెళ్లి ఇచ్చి వచ్చాను.

పందొమ్మిది రోజులు పట్టింది. నవంబర్ 19న, తిరుచానూరులో అమ్మవారి బ్రహ్మోత్సవాలు జరుగుతుండగా, వాళ్ల మెయిల్ వచ్చింది. ఆమోదించాం, డైరెక్టర్ సంతకంతో ప్రకటన పంపండి అని. ‘మా సంస్థలో వాడుతున్న సాఫ్ట్‌వేర్ అంతా సరైన లైసెన్సు కలిగినదే’ అన్న ఆ ఒక్క పేజీని నాయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తెచ్చుకుని మొత్తం చదివారు. పుస్తకం తెమ్మని, ఏడు కంప్యూటర్ల పేజీలూ ఒక్కొక్కటిగా తిప్పారు. ‘అక్క-పీసీ’ పేజీ దగ్గర కాసేపు ఆగారు. తర్వాత పెన్ను అడిగారు.